పొరపాటే, కానీ చింత లేదట!

అంపైర్ ధర్మసేన గారు నోరు విప్పారు. 2019 ప్రపంచకప్ లార్డ్స్ ఫైనల్లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి ఇంగ్లండ్ ఆటగాడు స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీకి పోతే ఆరు పరుగులివ్వడం పొరపాటేనట. టీవీలో చూస్తే తెలిసిందట. అయినా ఆ నిర్ణయానికి ఎన్నడూ చింతించరట. మైదానంలో టీవీ లేదు, తోటి అంపైరుని అడిగాను, మిగతా అంపైర్లూ రిఫరీ కూడా విన్నారు, అందరూ సరేనన్నారు. అదీ సంజాయిషీ.

పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరం తెంచేవాళ్లని చూస్తూ పెరిగిన గుంటూరు జిల్లావాణ్ణి. ఐదుగురు కూడి ఐదుని ఆరు చేశారంటే నాకేం వింత కాదు. 19.8 నిబంధన ప్రకారం రెండో పరుగు లెక్కలోకి రావాలంటే బంతి విసిరే క్షణానికి బ్యాట్స్‌మెన్ ఒకరినొకరు దాటి ఉండాలి. దాటలేదు, ఐదే రావాలి. తర్వాతేముంది, మ్యాచ్ టై, సూపర్ ఓవర్ టై, బౌండరీలు లెక్కపెట్టి కప్పు ఇంగ్లండ్ చేతికిచ్చారు.

ఇంత చక్కటి పద్ధతి క్రికెట్టుకే వదిలేయడం అన్యాయం. వెంటనే మిర్చి యార్డుకి తేవాలి. ముందు కొనుగోలుదారుకి తెల్లకోటూ టోపీ. ఆయన టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, నలిపి, వేలెత్తుతాడు: తాలు! రైతు చేతులు ‘టీ’ ఆకారంలో పెట్టి రివ్యూ అడుగుతాడు. యార్డులో రివ్యూ ఎవరూ ఎరుగరు గనక కుర్రాడు టీ గ్లాసు తెచ్చిస్తాడు. స్నికోమీటరు పెడితే కాయ గలగలమంటుంది, ఎండినట్టే. హాట్‌స్పాట్ కెమెరా తేజ మిర్చి ఘాటుకి తుమ్మి పడిపోతుంది. థర్డ్ అంపైర్ కమీషన్ ఏజెంటు. తీర్పు: అంపైర్స్ కాల్. మొదట అన్నదే ఖాయం.

ఇక పత్తి. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే ఔట్. రెండు చినుకులు పడ్డాయా, డక్‌వర్త్ లూయిస్. క్రికెట్లో లక్ష్యం తగ్గిస్తారు, ఇక్కడ ధర తగ్గిస్తారు. బేరం టై అయితే ఎవరి సేద్యంలో గట్లు ఎక్కువో లెక్కపెడతారు. నాలుగుచోట్ల ముక్కలు ముక్కలుగా కౌలుకి చేసేవాడే గెలుస్తాడు. హమ్మయ్య, కౌలురైతు గెలిచే ఆట ఒకటి దొరికింది! కాకపోతే పాస్‌బుక్ లేదని కప్పు భూమి యజమానికి ఇస్తారు.

నవ్వింది చాలు. తప్పు ఎవరైనా చేస్తారు. రెండు కళ్లతో బంతినీ చూడాలి, పరుగెత్తేవాళ్లనీ చూడాలి, నిజమే. తప్పని తెలిశాక కూడా చింత లేదనే ఆ నిబ్బరమే నాకు మంట. కొనుగోలు కేంద్రాల్లో ఇదే నిబ్బరం ఏటా చూస్తున్నాం. తేమ మీటరు తప్పు చూపినా నిండు ట్రాక్టరు వెనక్కి తిరగాల్సిందే. బాడుగ రైతుదే, గేటు బయట వ్యాపారి చెప్పిందే ధర. నకిలీ విత్తనం కాయకపోతే ఎవరో తప్పు ఒప్పుకునేలోపు రైతు చేను దున్నేసి ఉంటాడు. అదే మాట రైతుని అని చూడమనండి. ‘అప్పు కట్టలేకపోయాను, పొరపాటే, చింత లేదు’ అని బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని చెప్పమనండి!

తప్పు ఒప్పుకోవడమంటే ఎలాగో చూడండి. 2010 జూన్ 2న అమెరికా బేస్‌బాల్‌లో డెట్రాయిట్ పిచర్ గలరాగా వరసగా 26 మందిని ఔట్ చేశాడు. 27వ వాడూ ఔటైతే ‘పర్ఫెక్ట్ గేమ్’, చరిత్రలో కొద్దిమందికే దక్కింది. ఔటైన ఆ ఆటగాణ్ణి అంపైర్ జిమ్ జాయిస్ నాటౌటన్నాడు. ఆట అయ్యాక వీడియో చూశాడు. టీవీ లేదనలేదు, పక్కవాణ్ణి అడిగాననలేదు. తప్పు నాదేనని పిచర్‌ని కలిసి క్షమాపణ అడిగాడు. మర్నాడు మైదానంలో అందరూ చూస్తుండగా కళ్లు తుడుచుకున్నాడు. రికార్డు మారలేదు. కానీ 2014 నుంచి అక్కడ అలాంటి నిర్ణయాలకీ వీడియో సమీక్ష ఉంది.

మాకు ఎవరి కన్నీళ్లూ అక్కర్లేదు. దసరా దాటితే పత్తి కేంద్రాలకొస్తుంది. ఈలోగా ఆ తేమ మీటర్లని రైతుల ముందు పెట్టి ఒక్కసారి సరిచూడండి.