అటక శాస్త్రం

తెలుగులో అటకెక్కినది బాగుపడిన దాఖలా లేదు. పిల్లవాడి చదువు అటకెక్కుతుంది, మున్సిపాలిటీ ఫైలు అటకెక్కుతుంది, పెద్దబావగారు పెట్టబోయిన నూనెమిల్లు అటకెక్కుతుంది. ఎక్కి క్షేమంగా దిగివచ్చేవి రెండే: ఆవకాయ జాడీ, సంక్రాంతికి బొమ్మల పెట్టె. అలాంటిది మిన్నెసోటాలో పాత ఇల్లు కొన్న ఒక తెలుగువాడు తానే స్వయంగా అటకెక్కి, రెండు శనివారాలు బోర్లా పడుకొని పాకవలసి వచ్చింది. ఇది శాస్త్రచర్చకు తగిన విషయమని తోచి ఈ గ్రంథం ఆరంభిస్తున్నాను.

ముందు శబ్దవిచారం. మన అటకకూ అమెరికావాడి ఆటిక్‌కూ చెవికి చుట్టరికం వినిపిస్తుంది. నమ్మకండి. వాళ్ల మాట గ్రీసు దేశపు ఆటికా ప్రాంతం పేరులో పుట్టి ఫ్రెంచివాళ్ల మీదుగా వచ్చింది. మనది వంటింటి గడప దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మన అటక ఇంట్లో సామాను దాచే చోటు. వాళ్లది గది పైకప్పుకూ ఇంటికప్పుకూ మధ్య మిగిలిన ముక్కోణపు చీకటి. అందులో మనిషి నిలబడలేడు, కూర్చోలేడు, తుమ్మితే తలకు మేకు దిగుతుంది.

ఏ శాస్త్రానికైనా అనుబంధ చతుష్టయం చెప్పాలి గనక చెబుతున్నాను. విషయం: అటక. ప్రయోజనం: గ్యాసు బిల్లు. సంబంధం: నిచ్చెన. అధికారి: పాత చొక్కా, వంగే నడుము, కింద నిచ్చెన పట్టుకొని "ఇంకా ఎంతసేపండీ?" అనే భార్య, ఈ మూడూ ఉన్నవాడు. ఒక్కటి లోపించినా అనధికారే.

ఇక సూత్రం. ఈ శాస్త్రానికి ఒక్కటే సూత్రం, మిగిలినదంతా భాష్యం: అటక ఇంటిది కాదు, వీధిది.

ఇది ఒంటబట్టకే నేను మొదటి ఏడాది చెడ్డాను. చలి కప్పులోంచి దిగుతుంది కాబట్టి కప్పుకే దుప్పటి కప్పాలనుకున్నాను. గులాబీ రంగు గాజుపీచు చుట్టలు కొని, చూరు దాకా తోసి, వేలు దూరే సందు లేకుండా కుక్కాను. గాజుపీచు చూపుకు పీచుమిఠాయి, స్పర్శకు దూలగొండి. దూలాల మధ్య పాకినవాడికి దూల ఎందుకు పుడుతుందో వ్యాకరణం చెప్పకపోయినా చర్మం చెబుతుంది.

జనవరిలో చుట్టలు పక్కకు జరిపి టార్చి వేసి చూద్దును గదా, కప్పు చెక్కలోంచి పొడుచుకొచ్చిన ప్రతి మేకు కొసనా తెల్లగా మల్లెమొగ్గంత మంచు. వందల మొగ్గలు, వరసలు వరసలుగా. పెళ్లిపందిరి మల్లే ఉందని ముచ్చటపడి ఫొటో తీసి ఇంటికి పంపాను కూడా. ఫిబ్రవరిలో ఎండ కాసిన రోజున ఆ మొగ్గలన్నీ ఒక్కసారి కరిగాయి. బయట ఆకాశం నిర్మలంగా ఉంది, నా అటకలో వాన పడుతోంది. ఆ రాష్ట్రంలో దీన్ని నిజంగానే అటకవాన అంటారు.

ఆ మంచుకు నీళ్లెక్కడివి? ఆకాశానివి కావు, వంటింటివి. ఇడ్లీపాత్ర ఆవిరి, కుక్కరు కూతలు, ఆదివారం తలంటి వేడినీళ్లు, అన్నీ పైకి చేరాలనే చూస్తాయి. వేడిగాలి తేలిక. ట్యూబులైటు తీగ దూరిన కంత చాలు దానికి. అటకెక్కిన ఆవిరి చల్లని మేకు తగలగానే నీరై, గడ్డకడుతుంది. బయటికి పోవడానికి దారి ఉంటే పోయేది. చూరు నేనే కుక్కేశాను గదా.

ఆ సమయానికి మామగారు తెనాలి పక్కనుంచి వచ్చి ఉన్నారు. పుట్టిపెరిగింది పెంకుటింట్లో. ఆవిరి పోవడానికి చూరుకు కన్నాలు పెట్టాలన్నాను. పూర్వపక్షం ఆయనదే, సిద్ధాంతమూ ఆయనదే. "అల్లుడుగారూ, చలి రాకూడదని ఒక పక్క దుప్పటి కప్పుతున్నారు, ఇంకో పక్క గాలి ఆడాలని కన్నాలు పెట్టమంటున్నారు. ఇదేం ఇల్లండీ?" అన్నారు. నేను జవాబు వెతుక్కుంటుండగానే ఆయనే, "మా పెంకుల కింద గాలి దానంతటదే ఆడేది. చూరు మూసినవాణ్ణి మా ఊళ్లో ఒక్కణ్ణీ చూళ్లేదు," అన్నారు. ఇంజినీరింగు చదివిన నేను గోడకేసి చూశాను.

సిద్ధాంతం ఇదీ. దుప్పటి వేయవలసింది ఇంటికప్పు లోపలివైపు కాదు, గది పైకప్పు వీపున, అంటే అటక నేలమీద. దానికన్నా ముందు ఆ నేలలోని కంతలన్నీ పూడ్చాలి, తీగలవీ, నీళ్ల గొట్టాలవీ నురుగుతో. అటకమూతకు చుట్టూ రబ్బరు పట్టీ వేయాలి. స్నానాలగది ఫ్యాను గొట్టాన్ని అటకలో వదిలేయకుండా కప్పు దాటించాలి. అప్పుడు ఇల్లు కిందే ముగిసిపోతుంది. పైన మిగిలింది వీధి. వీధిలో గాలి వీచాలి: చూరు కింద చిల్లుల్లోంచి చల్లగా వచ్చి, ఇంటికొప్పు దగ్గర సందులోంచి బయటికి పోవాలి.

దీన్ని ఒప్పుకోని దర్శనం ఒకటుంది. కప్పు లోపలివైపే నురుగు చిమ్మి, అటకనూ ఇంట్లో కలిపేసుకొని, గాలిదారులు మూసేస్తారు. వీళ్లు అద్వైతులు. మతం తప్పు కాదు, ఖర్చు ఎక్కువ. అటక వేరు, ఇల్లు వేరు అనే మేము ద్వైతులం. సగం అది, సగం ఇది చేసినవాడికి ఇహమూ లేదు, పరమూ లేదు, కప్పు చెక్క కుళ్లుతుంది.

దుప్పటి వేడిని ఆపే శక్తికి కొలత ఆర్. అంకె పెరిగితే వేడి అంతగా ఆగుతుంది. అంత చలిదేశంలో అటకకు 49 నుంచి 60 దాకా ఉండాలంటారు. నేను రెండోసారి సెల్యులోజు పోయించాను. అంటే పాత వార్తాపత్రికల పొడి, నిప్పంటకుండా మందు కలిపినది. అంగుళానికి సుమారు మూడున్నర చొప్పున 49 రావాలంటే 14 అంగుళాలు పోయాలి. సంపాదకీయాలు వేడి తగ్గించడం నేను చూసింది అదొక్కసారే.

గాలిదారికీ లెక్క ఉంది. అటక నేల 300 అడుగులైతే ఒక అడుగు కన్నం, సగం చూరులో, సగం కొప్పులో. మా 1,200 చదరపు అడుగులకు నాలుగు. పైనా కిందా అలా పంచలేకపోతే 150కి ఒకటి. ఈ 300 ఎక్కడిదని తవ్వాను. 1930లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ ఇంటిగోడల్లో, అటకల్లో చెమ్మ మీద ప్రయోగాలు చేశాడు. 1942లో కేంద్రప్రభుత్వపు గృహరుణాల శాఖ నిబంధనల్లో 300 ప్రత్యక్షమైంది, ఆధారం మాత్రం చెప్పలేదు. దీని పుట్టుక మీద ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు విలియం రోజ్ చాలాకాలం పరిశోధించి, పునాది పలచనే అని తేల్చాడు. కర్త తెలియదు, అందరూ పాటిస్తారు. మన పరిభాషలో అపౌరుషేయం.

పొడి పోస్తే జారి చూరు మూసుకుపోదా? పోతుంది. అందుకే వాసానికీ వాసానికీ నడుమ ఒక్కొక్క నురుగు దోనె బిగించాలి. దుప్పటికీ కప్పు చెక్కకూ మధ్య కనీసం అంగుళం గాలి మిగలాలి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు కృతఘ్నుడని మన పెద్దలన్నారు. ఈ శాస్త్రంలో లెక్కపెట్టనివాడే కృతఘ్నుడు. నేను లెక్కపెట్టాను, 46 సందులు. 45 దోనెలు కొన్నాను. 46వదాని కోసం మళ్లీ కొట్టుకు వెళ్లాను.

పరుల అటకను వీధిలోంచే గుర్తించవచ్చు. పర్వతం మీద పొగ చూసి నిప్పుందనే తార్కికుడు ఇక్కడికొస్తే చలికాలంలో కప్పులు చూస్తాడు. పక్కవాళ్ల కప్పుల మీద మంచు నిలిచి, ఒక్క కప్పు నల్లగా బయటపడి, చూరుకు మంచుకత్తులు వేలాడుతుంటే ఆ ఇల్లు పైకి వేడి కారుస్తున్నట్టు. పైన కరిగిన నీరు చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి ఆనకట్ట అవుతుంది. వెనక నిలిచిన నీరు పలకల కిందికి పాకి గదిలోకి దిగుతుంది. ఆనకట్ట అంటే అన్నం పెట్టేదని నమ్మే డెల్టావాళ్లకు ఇది మింగుడుపడదు. మామగారికి పడలేదు.

ఒక నిషేధం, ఇందులో హాస్యం లేదు. పాత ఇళ్ల అటకల్లో బూడిద, గోధుమ రంగుల్లో తళుకులీనే గులకల పొర కనిపిస్తే ముట్టుకోకండి, ఊడ్వకండి. అది వర్మిక్యులైటు కావచ్చు. చాలావరకు మోంటానాలోని లిబ్బీ గనిది. ఆ గనిని 1990లో మూసేశారు, కాని దాని సరుకులో ఆస్బెస్టాస్ కలిసి ఉంది, అది ఇళ్లలో ఇంకా ఉంది. పరీక్షించేవాళ్లను పిలవండి.

చివరగా ప్రాయశ్చిత్త ప్రకరణం. అటకలో కాలు దూలం మీదే పడాలి. దూలాల నడుమ ఉన్నది అరంగుళం జిప్సం అట్ట. 46వ దోనె బిగించిన ఉత్సాహంలో నా కుడికాలు దూలం తప్పి, అట్ట చీల్చుకొని, కింద పూజగదిలో తేలింది. మామగారు సహస్రనామాల మధ్యలో ఉన్నారు. పారాయణ ఆపలేదు. ఆ శ్లోకం పూర్తిచేసి, నా పాదం వంక చూసి, "మొదటిది ఇక్కడ పెట్టారు. మిగతా రెండూ ఎక్కడ పెడతారు అల్లుడుగారూ?" అన్నారు.

ఆ తరువాతి చలికాలం మేకులు పొడిగా ఉన్నాయి. పూజగది పైకప్పులో కొత్త ముక్క బిగించాను. దానికి రంగు వేయడం మాత్రం అటకెక్కింది.