తప్పు నాదేనా?
(ఒక బుల్లి బొగ్గు వ్యాగన్ ఆత్మకథ)

నేను బొగ్గు వ్యాగన్‌ని. నిజం బొగ్గు చిటికెడు కూడా మోయలేదు లెండి. అసలు వ్యాగన్‌లో 87వ వంతు ఉంటాను. ఐదంగుళాల పొడవు, కింద ఎనిమిది చక్రాలు. 'పట్టాలు తప్పే డబ్బా' అనేది నాకు పడ్డ పేరు. అందులో నా వాటా ఎంతో లెక్క తేల్చుదామనే ఈ కథ చెబుతున్నాను.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోశారు, రంగు వేశారు, ఒక ఇంజనుతో, మరికొన్ని డబ్బాలతో, మలుపులు, పాయింట్లు ఉన్న లైనుతో కలిపి అట్టపెట్టెలో సర్దారు. జనగామలో ఒక తాత ఉండేవాడు. అమెరికాలో ఉండే ఆయన కొడుకు సెలవులకు వస్తూ తాత మనవడి కోసమని నన్ను తెచ్చాడు. మనవడి కంటే ముందు పెట్టె విప్పింది తాత.

ఆయన సికింద్రాబాద్–కాజీపేట లైను మీద కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని రోజూ తన బీటంతా నడిచి, వదులైనవి బిగించి, పట్టాల తీరు చూసిన మనిషి. నా పట్టాల మధ్య ఎడం చూసి మొదట మొహం చిట్లించాడు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. నా లైను 16.5 మాత్రమే, విదేశాల్లో వాడే 1435 గేజిని బట్టి చేసింది కనుక. "బక్క లైను" అని నవ్వి, ఆ పూటే పట్టాలు పరిచాడు.

పరిచిన పూటే పడ్డాను. మనవడు నన్ను పక్కకు గిరాటేయబోతే తాత చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు బిడ్డా. ఏడ పడ్డదో ఆడ సుద్దముక్కతోని గీత పెట్టు. అన్ని డబ్బలు ఒక్క కాడనే పడుతున్నయంటే లైన్ల తప్పు. ఒక్క డబ్బనే అంతట పడుతున్నదంటే డబ్బల తప్పు."

గీతలు రెండు రకాలుగా పడ్డాయి. మలుపు దగ్గర అందరం పడుతున్నాం. ఆయన అక్కడ కూర్చుని పట్టా అంచు వెంట బొటనవేలి గోరు నడిపించాడు. అతుకు దగ్గర గోరు టక్కున తగిలింది. పట్టా కొస ఫిష్ ప్లేటులోకి దూరకుండా దాని మీదికెక్కి కూర్చుంది. విప్పి, సరిగ్గా దూర్చాడు. అంతే, మలుపులో గొడవ తీరింది.

మిగతా చోట్ల పడుతున్నది నేనొక్కదాన్నే. నన్ను అద్దం ముక్క మీద నిలబెట్టాడు. ఒక చక్రం గాలిలో ఉంది. చక్రాల చట్రాలు రెండింటినీ ఫ్యాక్టరీలో బిర్రుగా బిగించేశారు మరి. ఒకదాని స్క్రూ అర చుట్టు వదులు చేస్తే అది అటూ ఇటూ కాస్త ఒరుగుతూ ఎత్తుపల్లాలను సర్దుకుంటుంది. రెండోది పక్కలకు తిరిగితే చాలు. తర్వాత జత చక్రాల లోపలి ఎడం కొలిచాడు. అది 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. నా ముందు జతలో ఒక చక్రం లోపలికి జరిగింది. లైను చీలే పాయింట్ల మీద నేను తడబడింది అందుకే. దాన్ని మెల్లగా తిప్పుతూ బయటికి లాగాడు.

చివరికి బరువు. 1935లో ఏర్పడ్డ అమెరికా జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం లెక్క ప్రకారం నా సైజు వాళ్లకు ఒక ఔన్సు, ఆపైన అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలి. అంటే నేను దాదాపు 100 గ్రాములు తూగాలి. నేనేమో తేలిక. కడుపులో నట్లు పేర్చి, పైన నల్లరంగు వేసిన గులకరాళ్లు అతికించాడు. ఆ తర్వాత జనగామలో ఉన్నన్నాళ్లూ నేను పడితే ఒట్టు. ఇంజను వెనకాలే నన్ను తగిలించేవాడు. బరువైనవి ముందు, తేలికవి వెనక ఉండాలి. లేకపోతే బరువైన వెనక పెట్టెలు లాగిపట్టినప్పుడు తేలిక పెట్టె మలుపు లోపలికి ఒరిగిపోతుంది.

తాత పోయాక నన్ను మహబూబాబాద్‌లో ఉండే ఆయన బిడ్డ ఇంటికి పంపారు. కాజీపేట–బెజవాడ మెయిన్ లైను మీది ఊరు, 1889 నుంచి అటు బెజవాడ దాకా రైళ్లు నడుస్తున్న దారి. ఇక నాకు మంచి రోజులే అనుకున్నాను. అక్కడ నా లైనును షాబాదు బండల మీద ఉత్తగా పరిచేశారు. బండకూ బండకూ మధ్య సందులో పట్టా కుంగేది. ఊడ్చేవారు కాదు. బతుకమ్మ పండగనాటి చీర జరీపోగు ఒకటి నా ఇరుసుకు చుట్టుకుని చక్రాన్ని పట్టేసింది. తిరగని చక్రం పట్టా మీద ఈడ్చుకుంటూ పోతుందే తప్ప దారి పట్టదు. పడ్డాను. మళ్లీ పడ్డాను. ఇంజను కూడా ఆ సందు దగ్గరే పడేది, కానీ ఖరీదైంది కదా, దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. తిట్లన్నీ నాకే.

2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు ఆ మెయిన్ లైను మీదే కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. టీవీ ముందు ఇంటిల్లిపాదీ "పాపం, లైనే కొట్టుకపోతే రైలేం జేస్తది" అన్నారు. నేను సోఫా కింద పక్కకు పడి వింటున్నాను. అదే మాట నా విషయంలో ఒక్కరికీ తోచలేదు.

ఆ దసరా దులుపుళ్లలో నన్ను అటకెక్కించారు. విరిగిన రిమోట్లు, ఎండిన పెన్నులు, చెవి తెగిన ఇయర్‌ఫోన్లతో సావాసం. ఎలుకలు నా గులకరాళ్లను కొరికి చూసి వదిలేశాయి. వేసవిలో రేకుల వేడికి నా అడుగు చట్రం కాస్త వంగింది. ఆ లోపాన్నీ నా ఖాతాలోనే రాశారు, కిందికి దించిన రోజున.

దించింది భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్‌లో ఉండే చుట్టాలకు ఇచ్చేయడానికి. వాళ్లు నన్ను జానెడు పట్టా ముక్క మీద పెట్టి, చక్రాలకు ఫెవిక్విక్ పోసి, షోకేసులో షీల్డుల పక్కన నిలబెట్టారు. ఈ ఊళ్లో బొగ్గుంది, దగ్గర్లో కరెంటు ప్లాంటుంది, రైలు మాత్రం లేదు. బొగ్గు లారీల మీద పోతుంది. కాబట్టి ఊరి మొత్తానికి వ్యాగన్‌ని నేనే కావచ్చు. వచ్చినవాళ్లు "మస్తుంది" అంటారు. ఇప్పుడు నేను పట్టాలు తప్పను కూడా. కదిలితే కదా!

మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఉంటే చిన్న మనవి. పడగానే తిట్టకండి. పడ్డ చోట గీత పెట్టండి. అతుకు మీద గోరు నడపండి, ఇరుసుకు పోగులేమైనా చుట్టుకున్నాయేమో తీయండి, అద్దం మీద నిలబెట్టి చూడండి. దారి బాగుండి కూడా నేనే పడితే, అప్పుడు తప్పు నాదే. ఆ తప్పు సరిదిద్దడానికి కూడా చాలాసార్లు ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక చాలు. ఫెవిక్విక్ మాత్రం దయచేసి దూరంగా పెట్టండి.