కుట్లు నీవి, కిడ్నీల దిగులు మాది

కణేకల్‌లో ఎవరికన్నా ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చారంటే చాలు, సాయంత్రానికల్లా మంచం చుట్టూ ఒక వైద్యమండలి కొలువుదీరుతుంది. దీనికి రిజిస్ట్రేషన్ లేదు, ఫీజు అంతకన్నా లేదు. అధ్యక్షురాలు పక్కింటి పెద్దమ్మ. ఎప్పుడో బళ్లారిలో గడ్డ కోయించుకుని వచ్చిన మామ కార్యదర్శి. ఫోన్‌లో ఆరోగ్య వీడియోలు చూసి చూసి కళ్లజోడు తెచ్చుకున్న అల్లుడు సాంకేతిక సలహాదారు. ఆసుపత్రి వాళ్లిచ్చిన కవరు తీసి మాత్రల అట్టలన్నీ దుప్పటి మీద కుమ్మరిస్తారు. యాంటీబయాటిక్, సరే. గ్యాస్ మాత్ర, సరే. బలానికి టానిక్, ఇంకో రెండు సీసాలు రాయాల్సింది. తర్వాతి అట్ట దగ్గర సభ ఆగుతుంది.

"ఇది నొప్పి మాత్ర కదప్పా?"

"అవునత్తా. మూడుపూటలా ఏసుకోమన్నారు, ఐదు రోజులు."

"యాల ఏసుకుంటావ్? కిడ్నీలు పోతాయి. ఆడమనిషివి, ఆమాత్రం తట్టుకోల్ల."

తీర్మానం ఏకగ్రీవం. కోత పడిన మనిషికి ఓటు లేదు.

మండలి మరీ కఠినమైనదేమీ కాదు. దయతో ఒక సవరణ కూడా పెడుతుంది: "మరీ ఓర్చుకోలేకపోతే అప్పుడు ఒకటి ఏసుకో." వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఆ ఇంట్లో జరిగే అసలు తప్పు అదే. కోత కోసిన మొదటి రెండు మూడు రోజులు మాత్రను గడియారం చూసి వేసుకోమంటారు డాక్టర్లు, నొప్పి మొహం చూసి కాదు. నొప్పి తలకెక్కాక దాన్ని దించడానికి ఎక్కువ మందు పడుతుంది, ఎక్కువసేపూ పడుతుంది. అంటే మాత్రలు తగ్గించాలని పెట్టిన సవరణ చివరికి మాత్రలు పెంచుతుంది. పెద్దమ్మకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన డాక్టరుకేమో బయట వరండాలో ఇంకా నలభైమంది కాచుకుని ఉన్నారు.

ఇప్పుడు ఈ మండలి సభ్యుల సొంత కిడ్నీల సంగతి కాస్త చూద్దాం.

తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వచ్చి కణేకల్ చెరువు నిండిన ఏడు, చెరువు కింద నాట్లు పడతాయి. పొద్దున వంగిన నడుము సాయంత్రానికి గానీ లేవదు. ఇంటికి పోతూ పెద్దమ్మ మందుల అంగడి ముందు ఆగుతుంది. "ఒళ్లునొప్పులకు రెండు పూటలకియ్యప్పా." అంగడాయన కత్తెరతో అట్టలోంచి రెండు తెల్లవి, ఇంకో అట్టలోంచి రెండు పసుపువి, డబ్బాలోంచి చిన్నవి రెండు తీసి పేపరు ముక్కలో చుట్టిస్తాడు. కత్తెర పడిన చోటే మందు పేరు తెగిపోయింది, గడువు తేదీ అంగడిలోనే ఉండిపోయింది. చీటీ అడిగేవాడు లేడు, చూపేవాళ్లూ లేరు. ఆ చిన్న మాత్ర స్టెరాయిడ్ అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు, వేసుకున్న మర్నాడు అంత హుషారు ఊరకే రాదు కదా. చెనిక్కాయ పీకే రోజుల్లో అయితే మాత్ర కూడా కూలిలో భాగమే. ఇలా ఏళ్ల తరబడి. కార్యదర్శి మామకు మోకాళ్లున్నాయి, మోకాళ్లకు వారం వారం సూది ఉంది. సలహాదారు అల్లుడికి తలనొప్పి వస్తే పరగడుపున టీలో ఒకటి. వీళ్లెవరికీ ఏ రోజూ కిడ్నీలు గుర్తుకు రాలేదు. చీటీ లేకుండా మింగిన మాత్రను కిడ్నీ గుర్తుపట్టదు కాబోలు. డాక్టరు సంతకం కనబడితేనే దానికి కోపమొస్తుంది.

అయితే కిడ్నీల భయం పుట్టుకొచ్చిన చోటు మాత్రం నిజమైనదే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు నొప్పిని పుట్టించే రసాయనాలను ఆపుతాయి. కిడ్నీకి నెత్తురు సాఫీగా అందేలా చూసేదీ ఆ జాతి రసాయనాలే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, ముసలితనంలో, బీపీ షుగర్లతో కిడ్నీ అప్పటికే నీరసించి ఉన్నప్పుడు, నెలల తరబడి ఈ మందులు మింగితే దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. రాబందుల సంగతే చూడండి. మన దేశంలో అవి కోట్లలో ఉండేవి. 1990ల నుంచి కళ్లముందే మాయమయ్యాయి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలిపోయి, అది తిన్న రాబందుల కిడ్నీలు ఆగిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో అల్లాడుతుంటే, ఇదీ కారణమని ఒక్కదాన్ని ఇప్పటికీ తేల్చలేకపోయారు. నొప్పి మాత్రల వాడకాన్ని కూడా అనుమానితుల వరసలో నిలబెట్టి చూస్తున్నారు. కాబట్టి భయపడండి, తప్పేం లేదు. అంగడి ముందు భయపడండి. ఆ భయాన్నంతా దాచిపెట్టి, కడుపు కోసి కుట్టిన మనిషి ఐదు రోజుల మాత్రల మీద ఖర్చు చేయడమే నాకు అంతుపట్టని సంగతి.

ఇందులో ఇంకో వింతుంది. ఆ అట్టలో ఉన్నది చాలాసార్లు డైక్లోఫెనాక్ కూడా కాదు, వట్టి పారాసిటమాల్. జ్వరమొస్తే మూడేళ్ల పిల్లకు ఇదే మండలి సీసా ఎత్తి పోస్తుంది. కరోనా ఏడు డోలోను బొరుగుల్లా తిన్నాం. జ్వరానికైతే అది అమృతం, కోతకైతే విషం.

కిడ్నీలను కాపాడే పనిలో మండలి వేసే రెండో అడుగు ఇంకా ఘనమైనది. బాలింతకు నీళ్లు ఇవ్వరు. ఇచ్చినా గుక్కెడు. నీళ్లు తాగితే కుట్లు చెమ్మ పడతాయి, పొట్ట జారుతుంది. ఇది అనంతపురం జిల్లా. హగరి ఒడ్డున ఇసుక లేచి పొలాల మీద పడే నేల. ఏప్రిల్‌లో సిమెంటు రేకుల కింద, తలుపులు మూసి, చెవుల్లో దూది పెట్టి, దుప్పటి కప్పి, బిడ్డకు పాలిస్తున్న మనిషికి నీళ్లు ఆపుతారు. కిడ్నీకి ఇంతకన్నా పెద్ద శత్రువు ఏ మందుల కంపెనీ దగ్గరా లేదు. పప్పు పెడితే చీము పడుతుందని పప్పు కూడా బంద్. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పేదింట్లో దొరికేదే పప్పులో. నీళ్లు లేవు, పప్పు లేదు, మాత్ర లేదు. మిగిలింది కారప్పొడి, ఓర్పు. మాత్ర పాలలో దిగి బిడ్డకు పోతుందని ఇంకో వాదన. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులకు రాయడానికి జంకక్కర్లేని మందులు. పాలలోకి దిగేది చాలా కొంచెం. తల్లి నొప్పితో పక్కకు తిరగలేక బిడ్డను అందుకోకపోతే పాలే దిగవు.

ఓర్పు మాట అందరికీ ఒకేలా చెబుతారనుకునేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూరు కాన్పుల్లో 42 కడుపు కోసి చేసినవే. పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మందికి దగ్గరగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్ వాటా ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్లది చిన్న కోత, కాసేపటి పని, లేచి నడిచిపోవచ్చు, అయినా లేదు. అంటే ఈ రాష్ట్రంలో కత్తి కిందికి పోయే పని ఒకరిది, ఓర్చుకోవడం ఎలాగో చెప్పే పని మరొకరిది. "మేం పదిమందిని కన్నాం, ఒక్క మాత్ర ముట్టలేదు" అనే అత్తమ్మలను నేనేమీ అనలేను. వాళ్లకు మాత్ర ఇస్తామన్నవాళ్లే లేరు. తనకు దొరకనిది కోడలికీ దొరక్కూడదనుకోవడం మనిషి గుణం. దాన్ని వైద్యమని చెప్పడమే కుదరదు.

మగవాడికి ఆపరేషన్ అయితే మండలి నిబంధనలు మారతాయి. హెర్నియా కోయించుకున్న పెద్దమనిషి మాత్రలు పక్కన పడేస్తాడు, మీసముంది కాబట్టి. చీకటి పడ్డాక స్నేహితుడొచ్చి క్వార్టర్ ఇస్తాడు. నొప్పి తెలియదు, నిద్ర పడుతుంది, పౌరుషానికి భంగం లేదు. కిడ్నీ బాగుంది. లివర్ సంగతి మండలి అజెండాలో లేదు.

ఈ మండలి ఒక్క కణేకల్‌దే అనుకుంటే పొరపాటు. ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు 1847లో కాన్పు నొప్పులకు క్లోరోఫాం వాడితే, నొప్పి దేవుడిచ్చింది, దాన్ని తీసేయడానికి నువ్వెవరని అక్కడి పెద్దలు కొందరు లేచారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం తీసుకునేసరికి గొంతులు తగ్గాయి. రాణిగారు నొప్పి వద్దంటే దేవుడే సర్దుకున్నాడు. కణేకల్ కోడలికే ఇంకా అనుమతి రాలేదు. మన హైదరాబాదులో 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం డబ్బిచ్చాడు, డాక్టర్ లారీ ముందుండి నడిపాడు, ఆ మందు ప్రాణానికి ముప్పా కాదా అని వందల జంతువుల మీద చూశారు. వాళ్లు తేల్చింది తర్వాత నిలవలేదు, అది వేరే కథ. అదే లారీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలని చెబుతారు. నొప్పి లేకుండా కోయడమెలాగో అంత ముందుగా తలబద్దలు కొట్టుకున్న తెలుగు నేల మీద, కోసేటప్పుడు మత్తు కావాలి, కోశాక మాత్ర వద్దు అనే సిద్ధాంతం నడుస్తోంది. కత్తి కింద వద్దన్న నొప్పి మంచం మీదికొచ్చేసరికి పుణ్యమెలా అయిందో మండలే చెప్పాలి.

సలహాదారు అల్లుడు ఇక్కడ అమెరికాను తెస్తాడు. "అక్కడ నొప్పి మందులకు బానిసలై చచ్చిపోయినారు మామా." నిజమే. 1996 నుంచి ఆక్సీకాంటిన్ అనే మందును అమ్ముకోవడం కోసం అబద్ధాలు చెప్పి అంటగట్టారు, 2007లో కంపెనీ కోర్టులో తప్పు ఒప్పుకుంది. అది నల్లమందు జాతి. దుప్పటి మీదున్న అట్ట ఆ జాతి కాదు, ఆ ఊరూ కాదు. మన రోగం దానికి తిరగబడ్డది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం లైసెన్సులిచ్చి నల్లమందు పండిస్తుంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఎంత బిగించిందంటే, క్యాన్సర్ రోగికి ఆ జాతిదే అయిన మార్ఫిన్ ఇవ్వాలన్నా ఆసుపత్రులు కాగితాలకు భయపడి మానేశాయి. 2014లో సవరించారు. చట్టం సడలింది, భయం సడలలేదు. ఈ పాపంలో డాక్టర్లకూ వాటా ఉంది. "కోసినప్పుడు నొప్పి ఉండదా అమ్మా మరి" అని నవ్వి వెళ్లిపోయేవాళ్లు వైద్యమండలికి గౌరవ సభ్యులే.

ఓర్చుకున్న నొప్పి ఊరికే పోదు. పొట్ట మీద కోత ఉన్న మనిషి నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయదు, దగ్గు వస్తే బిగపట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా పట్టుకుంటుంది. లేచి నాలుగడుగులు వేయదు, కాళ్ల నరాల్లో నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే మండలి సంతాప తీర్మానం చేయాల్సి వస్తుంది. మొదటి రోజుల్లో సరిగ్గా తగ్గించని నొప్పి కొందరిలో నెలల తరబడి కోత దగ్గరే ఇల్లు కట్టుకుంటుంది.

కాబట్టి డిశ్చార్జి రోజున చీటీ పట్టుకుని డాక్టరును అడగండి. ఏది ఎన్ని గంటలకు, ఎన్ని రోజులు, తిన్నాకా తినకముందా. కిడ్నీ, లివర్, కడుపులో పుండు, రక్తం పలచబడే మందులు, ఇవేవి ఉన్నా నోరు తెరిచి చెప్పండి, మందు మారుస్తారు. రెండు అట్టల మీద వేర్వేరు పేర్లున్నా లోపల పారాసిటమాలే ఉందేమో చూపించుకోండి. పెద్దవాళ్లకైనా 24 గంటల్లో అది 4 గ్రాములు దాటకూడదు, అంటే 650వి ఆరు. బక్కగా ఉన్నవాళ్లకు, తాగేవాళ్లకు ఇంకా తక్కువ. డాక్టరు నీళ్లు తగ్గించమని చెబితే తప్ప నీళ్లు తాగండి. నొప్పి తగ్గుతుంటే మాత్ర తగ్గించి ఆపేయండి, మిగిలినవి పక్కింటికి పంచకండి. మాత్ర వేసుకుంటున్నా నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే, జ్వరమొస్తే, కుట్ల చుట్టూ ఎర్రబడి చీము కారితే మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగకుండా కోసిన ఆసుపత్రికే పోండి. రాయదుర్గం, అనంతపురం, బళ్లారి, ఎక్కడ కోశారో అక్కడికే.