బుడమేరు మింగిన బండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు వీధులను ముంచెత్తినపుడు, మునిగిన కారును ఆత్రముతో స్టార్టు చేసి, నీరు గాలివలె కుదింపునకు లొంగదను ప్రకృతిధర్మమును కనెక్టింగ్ రాడ్డు వంగిన పిమ్మట గ్రహించిన యజమానులకు ధర్మసంకటము ప్రాప్తించెను. ఇంజను బాగుచేయింపవలెనా, అయినకాడి కమ్మవలెనా? మెకానిక్కు చెప్పిన వ్యయము వినిన అమ్మబుద్ధియు, దళారి చెప్పిన ధర వినిన మమకారమును పుట్టుచుండును. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతము దాటినచో బండిని మృతప్రాయముగా నెంచి సొమ్మిత్తురు గదా యని యాశపడితిరా? ఇంజను రక్షణకై అదనపు ప్రీమియము కట్టని పాలసీదారునకు, ‘వరద దైవికము, స్టార్టు తమ స్వయంకృతము’ అను ప్రత్యుత్తరము సిద్ధము. తుదకు ఆ కారే ఆవిరిస్నాన మాచరించి, అత్తరు పూసికొని, పొరుగూరి సెకండుహ్యాండు విపణిలో ‘డాక్టరుగారొక్కరే వాడిన బండి’యై వెలయును.