సొసైటీ గుమ్మం తొక్కని సేవ

ఆ మధ్య మా ఊళ్లో కాలేజీ పిల్లలు దిగారు. సమాజ సేవా ప్రాజెక్టట. డిగ్రీ చేతికి రావాలంటే 180 గంటలు చూపించాలట. రచ్చబండ దగ్గర బ్యానరు కట్టి ఫొటో దిగారు. తర్వాత నన్ను పట్టుకుని, ‘తాతగారూ, మీ ఇంట్లో టీవీ ఉందా?’తో మొదలెట్టి నలభై ప్రశ్నలు అడిగారు. మా ఊరి సహకార సొసైటీలో షేరుందా అని మాత్రం అడగలేదు.

మా రోజుల్లో ఎన్నెస్సెస్ ఉండేది. ఇప్పుడూ ఉందిలెండి. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969లో పుట్టింది. నేను బీకాం చదివేటప్పుడు పలుగూ పారా ఇచ్చి ఓ పల్లెకు తోలారు. పగలు డొంకకు మట్టి మోయడం, రాత్రి బడి వరండాలో పడక. ఏదో ఉద్ధరించామని కాదు, మేం పోసిన మట్టి తొలి వానకే కొట్టుకుపోయింది. కానీ సాయంత్రాలు సొసైటీ గుమస్తా మాచేత లెడ్జర్లు కూడించేవాడు. ఎవరి బాకీ ఎంత, ఎవరు వాయిదా దాటించారు, ప్రెసిడెంటుగారి బావమరిది పద్దు ఏళ్ల తరబడి ఎందుకు కదలదు... అంతా అక్కడే తెలిసింది. కాలేజీలో ఆ పాఠం చెప్పలేదు.

ఇప్పుడు సొసైటీ జనానికి ఎప్పుడు గుర్తొస్తుంది? యూరియా లారీ వచ్చినప్పుడు. చెప్పులు వరసలో పెట్టి మరీ కాపలా కాస్తారు. మహాజన సభకు మాత్రం పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకోవాల్సిందే. 2022లో కేంద్రం ఇలాంటి 63,000 సహకార సంఘాలకు కంప్యూటర్లు పెడతామంది. మంచిదే. తెరమీద ఉన్నది రైతుకు చదివి చెప్పేదెవరు?

ఈ సణుగుడంతా విని ఆ కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి ఆగింది. మా పక్కింటాయన పాస్‌బుక్కు తీసి చూసింది. రెండు లక్షల పంటరుణం. ఏడు శాతం లెక్కన ఏడాదికి 14,000 వడ్డీ. గడువులోపు కడితే మూడు శాతం రాయితీ పోను 8,000. ఆయన గడువు ఇంక పదిరోజులే! పాపం, ఆయనకా సంగతే తెలియదు.

‘ఇది సొసైటీ బోర్డు మీద రాయరా తాతగారూ?’

‘ఎవరు రాస్తారమ్మా?’

సుద్దముక్క అడిగి పుచ్చుకుంది. సెక్రటరీ గొణుగుతూనే ఉన్నాడు, ఆ పిల్ల రాస్తూనే ఉంది. నేను కళ్లజోడు లేకుండా చదివేంత పెద్ద అక్షరాలు. ‘గడువు’ను ‘గడవు’ అని రాసింది. దిద్దుదామంటే సుద్దముక్క లేదు, బ్యానరుతోపాటు పట్టుకుపోయారు.