మొహం లేని చేప

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో టబ్బులో ఎగిరెగిరి పడే కొర్రమట్టకు ఏ ల్యాబూ అక్కర్లేదు. పాములాంటి తలా, ఒంటినిండా పొలుసులూ ఎదురుగానే ఉంటాయి. దాని పేరు చెప్పి, 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను అంటగట్టబోతే సంచీ పట్టుకొచ్చిన అవ్వ మీసాలు చూసే పట్టేస్తుంది.

మోసం మొదలయ్యేది తోలు ఊడినాకే. తల పోయి, పొలుసు పోయి, ముల్లు పోయి మిగిలిన తెల్లటి కండకు పిండీ కారమూ పట్టించి నూనెలో వేశాక, మెనూ కార్డు ఏ పేరు పెడితే అదే దాని పేరు. హైవే పక్క బార్లో "ఏం చాపనే ఇది?" అని అడగండి. "అపోలో ఫిష్ సార్!" అంటాడు. అపోలో ఏ చెరువులో పెరుగుతుందో మత్స్యశాఖను అడిగినా లాభం లేదు. కొర్రమట్టకేమో రాష్ట్ర చేప హోదా ఇచ్చుకున్నాం. ప్లేట్లోకి మాత్రం చాలాచోట్ల బాసా, అంటే పంగాసియస్, వచ్చి కూర్చుంటోంది.

మొహం పోయినా జన్యువు మిగులుతుంది. సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్క చదివితే జీవి ఏదో తేలుతుందని 2003లో కెనడాలో పాల్ హీబర్ట్ బృందం చెప్పింది. 2008లో న్యూయార్క్‌లో ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు కొన్న చేప ముక్కలను పరీక్షకు పంపితే, జాతి తేలినవాటిలో దాదాపు నాలుగో వంతు పేరొకటి, చేపొకటి! వేపినా డీఎన్‌ఏ తునకలుగా మిగులుతుంది. మనకూ శాస్త్రం కరువు లేదు. అత్తాపూర్‌లోని సీసీఎంబీ వారి లాకోన్స్ ల్యాబు పట్టుబడ్డది జింక మాంసమో మేక మాంసమో తేల్చేస్తుంది. జింకకు దొరికే ఆ న్యాయం అపోలో తిన్నవాడికి దొరకదు. రిపోర్టు వచ్చేలోపు సాక్ష్యం అరిగిపోతుంది.

"సింగూరు చేప" అన్న బోర్డుకైతే ఆ పరీక్షా పనికిరాదు. జన్యువు జాతి చెబుతుంది, ఊరు చెప్పదు, ఏ నీళ్లలో పెరిగిందో అసలే చెప్పదు. సింగూరు రవ్వా రవ్వే, కొల్లేరు నుంచి ఐసులో వచ్చిన రవ్వా రవ్వే. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు. శుద్ధి చేశాక సంగతి అది! ఆ నీళ్లు చేరిన నక్కవాగులో ఏ రవ్వయినా బతికి వలలో పడితే, డీఎన్‌ఏ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతుంది. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయిందో లేదో రాయడానికి ఆ సర్టిఫికెట్లో గడి ఉండదు.