ఎడమకాలి బంతి

నేను ఫైనల్ ఆడిన బంతిని కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు బంతిని. తోలు ముక్కలు కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, నోరు తాడుతో బిగించారు. నా పుట్టుక అంతే.

నా గర్వమంతా రహీం సాబ్ కాలానిదే. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1950 నుంచి ఆ జట్టు కోచ్, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. ఊళ్లో ఆటను నడిపించిన చేతులే జట్టునూ దిద్దాయి. ఆటగాళ్లకు జీతం పోలీసు శాఖ ఇచ్చేది. నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యానికి లోటుండదన్న ధీమా ఉంటే కాళ్లు కుదురుగా ఆడతాయి. దాతల దయ మీద నడిచే జట్టు ఒక ఏడాది మెరవచ్చు. 1950 నుంచి 1954 దాకా వరసగా రోవర్స్ కప్పు గెలవాలంటే ఆ ధీమా కావాలి.

రహీం సాబ్ పెట్టే కొన్ని పోటీల్లో వాటమైన కాలు వాడకూడదు. కొన్నిట్లో నన్ను ఒక్కసారే తాకి పక్కవాడికి అందించాలి. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితో తన్నితే నేను ఎటో ఎగిరిపోయేదాన్ని. విసుగనిపించేది కాదు. నేర్చుకునే కాలు తగిలితే నాకు నొప్పి తెలియదు. ఆ మైదానం నుంచే నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ ఆయనే. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచిన జట్ల కోచ్ కూడా ఆయనే.

వాన పడితే తోలు నీళ్లు తాగి నేను బరువెక్కేదాన్ని. ఆట ముగిశాక సామాను చూసే మనిషి తుడిచి, నీడన ఆరబెట్టి, నూనె రాసేవాడు. అతని పేరు ఏ కప్పు మీదా లేదు. అతను లేకుంటే మర్నాటి ప్రాక్టీసే లేదు.

1963లో రహీం సాబ్ పోయారు. నన్ను ఒక బడికి ఇచ్చేశారు. పిల్లలు ప్రేమగానే ఆడారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. బడిలో నన్ను చూసుకోవలసిన పెద్దమనిషి మాత్రం తడిసిన ఒంటితోనే గూట్లో తోసి తాళం వేశాడు. బూజు పట్టింది. వాసన వస్తోందని ఎండలో పడేశాడు. తోలు పెళుసై కుట్లు ఒక్కొక్కటే విడిపోయాయి. ఒక్క చుక్క నూనె అడిగాను, నా మాట వినేదెవరు? చివరికి బ్లాడరు పగిలాక పాతసామాను కొనేవాడికి చూపించారు. అతను వేలితో నొక్కి చూసి, ఈ తోలు చెప్పు అతుక్కి కూడా పనికిరాదన్నాడు.